ముఖం ముడుచుకున్న బీరు

పొద్దున్నే ఆమె మొదటి పని మురుగు జాలీ ఎత్తడం. నిన్న ఉడికించిన గింజల పిప్పి అందులో పులిసి జిగటగా తయారయ్యేది. వేలికి తగిలితే ఒళ్లంతా జలదరించేది. ఆరేళ్లుగా ఆ చిన్న బీరు కార్ఖానాలో ట్యాంకులు కడుగుతోంది. ఎంత సబ్బు రుద్దుకున్నా వాసన పోదు. ఇంట్లో అక్క ఆమె బట్టలు విడిగా నానబెడుతుంది. అయినా ఓర్చుకుంది. బీరు కాచే మేస్త్రి నెలాఖరుకి మానేస్తున్నాడు, ఆ చోటు తనదవ్వాలని ఆమె ఆశ.

అక్కడి బీరు గ్లాసులో పోస్తే నురగ మీద కాచినవాళ్ల ముఖం తేలుతుంది. ఈస్ట్ కలిపేటప్పుడు ముఖం ఎలా ఉంటే అలా. ఇరవై ఏళ్లుగా మేస్త్రి చిరునవ్వే తేలుతోంది. తాగేవాళ్లు ఆ నవ్వుని ఉఫ్‌మని ఊది, గుక్క తాగుతారు. అందులో వింతేముంది? కాచినవాడి ముఖం కాకపోతే పక్కింటివాడిది తేలుతుందా!

పరీక్షగా ఒక ట్యాంకు ఆమెకి అప్పగించారు. నానబెట్టడం, ఉడికించడం, చల్లార్చడం, అన్నీ వంక పెట్టలేనట్టు చేసింది. చివరికి ఈస్ట్ గదిలోకి పిలిచారు. ఆరేళ్లలో ఆమెని అందులోకి రానిచ్చింది అదే మొదలు. మేస్త్రి మూత పెట్టిన బకెట్ తెచ్చాడు.

"ఇది కూడా పొయ్యమ్మా."

మూత తీసి చూసింది. కార్ఖానా ముందున్న బారులో జనం తాగి వదిలేసిన బీరు. అందులో టూత్‌పిక్‌లు, లిప్‌స్టిక్ అంటిన టిష్యూ, పైన తెట్టులా ఎవరిదో ఉమ్ము.

"ఛీ! ఎంగిలి కదా బాబాయ్!"

"వడగట్టే పోస్తాంలే. ఓనరు మేడమ్‌కి తెలుసు. పారబోస్తే ఆవిడ ఊరుకోదు."

ఉద్యోగం కావాలి. పోసింది. అద్దం ముందు వారం రోజులు సాధన చేసిన నవ్వు ముఖానికి తగిలించుకుని మరీ పోసింది. కానీ ముక్కు మాట వినలేదు.

మూడు వారాలకి యజమానురాలు రుచి చూడ్డానికి కూర్చుంది. నాలుగు గ్లాసులు నింపారు. నాలుగింటిలోనూ కాచిన ఆమె ముఖమే. ముక్కు ముడుచుకుని, పెదాలు బిగించి, పక్కకి తిప్పుకుని ఉంది. ఊదినా పోలేదు.

యజమానురాలు గ్లాసు పక్కనుంచి కాస్త చప్పరించింది. "రుచి బాగానే ఉంది. కానీ ఈ ముఖం చూస్తూ ఎవరు తాగుతారమ్మా? ఇంకో ఏడాది ఆగు. అలవాటు పడ్డాక చూద్దాం."

"పడుతుంది మేడమ్," అన్నాడు మేస్త్రి. "మొదటి రోజు నేనూ వాంతి చేసుకున్నవాణ్ణే."

ఆ మాట కూడా నవ్వుతూనే అన్నాడు. ఇన్నాళ్లూ ఆమె ఆ నవ్వుని మంచితనం అనుకుంది. ఇప్పుడు చూస్తే బకెట్ కన్నా ఎక్కువ రోత పుట్టింది.

"నాకు అలవాటు పడాలని లేదండీ," అని బయటికొచ్చేసింది.

మరుసటి నెల ఇంకో కార్ఖానాకి వెళ్లింది. మళ్లీ ట్యాంకులు కడిగే పనే, మొదటి మెట్టు నుంచి. చేరే ముందు ఒక్కటే అడిగింది.

"ఇక్కడ జనం తాగి వదిలేసిన బీరు ఏం చేస్తారండీ?"

అక్కడ బీరు కాచే ఆవిడ ఆమెని ఎగాదిగా చూసింది.

"పారబోస్తాం. ఇంకేం చేస్తాం తల్లీ?"

ఆమెకి ఏడుపొచ్చింది.