తబిత కోరిన ట్రస్టీ

ఎజ్రా మాష్టారికి నోరు జారడం కొత్త కాదు గానీ, ఈసారి జారింది చర్చిలో, అదీ కోతపండుగ నాడు. తాను రిటైరైనప్పుడు వచ్చిన సొమ్మంతా కూతురు తబిత పేరు మీదే వేస్తానని సంఘం ముందు సాక్ష్యం చెప్పేశారు. తబితకు పుట్టుకతోనే కాళ్లు స్వాధీనంలో లేవు, మాట కూడా నెమ్మది. తన కూతురు ఎవరికీ తీసిపోదని నలుగురికీ తెలియాలని ఆయన తాపత్రయం. సంఘమంతా ‘ఆమేన్’ అంది. ఇక వెనక్కి తీసుకునేదెలా?

కాగితాలు రాయించడానికి తబితను తీసుకుని వెళ్తే, రాజమండ్రిలో లాయరు దుర్గాశ్రీగారు ఆ ఉత్సాహం మీద నీళ్లు చల్లారు.

“అమ్మాయిగారి పేరు మీద అంత సొమ్ము కనబడితే వికలాంగుల పింఛను ఆపేస్తామనొచ్చండి. ట్రస్టు పెట్టి అందులో వేయండి. సొమ్ము ట్రస్టు పేరునే ఉంటది, ఖర్చు మాత్రం ఆవిడకే.”

“పోతే పోనివ్వండి. నా కూతురికి ఒకరి దయ ఎందుకండి?”

చక్రాల కుర్చీలోంచి తబిత ముందుకు వంగింది. “దయ... కాదు నాన్నగారూ. మీ సొమ్ము... ఎప్పటికైనా అయిపోద్ది. పింఛను... నేను బతికున్నన్నాళ్లూ... వస్తది.”

మాష్టారు కాసేపు గింజుకున్నారు. వచ్చే ఆదివారం మళ్లీ లేచి, తెలియక చెప్పానని ఒప్పుకోవాలి. ఉద్యోగమంతా పిల్లల తప్పులు దిద్దినవాడికి సొంత తప్పు దిద్దుకోవడం నామోషీ ఏంటి? సరేనన్నారు.

“మరి మీ తరవాత ఆ సొమ్ము చూసుకునే ట్రస్టీ ఎవరండి?”

“ఇంకెవరండి, మా అబ్బాయి విజయ్ పాల్. చెల్లెలంటే వాడికి ప్రాణం.”

తబిత తల అడ్డంగా ఊపింది. “అన్నయ్య... వద్దు. వదిన...”

“వదిన ఒప్పుకోదంటావా?” అలవాటు కొద్దీ మాష్టారే ఆ మాట పూర్తి చేశారు.

“వదిన... ఉండాలి.”

మాష్టారు నోరు వెళ్లబెట్టారు. కోడలు వినీలకూ తబితకూ ఉప్పూ నిప్పూ. కూరలో కారం దగ్గర మొదలైతే టీవీ కట్టేసేదాకా ఇద్దరికీ వాదులాటే.

“రోజూ పోట్లాడుకుంటారు కదే?”

“పోట్లాటలో కూడా... నా మాట అయ్యేదాకా... ఆగేది... వదినొక్కతే.”

మాష్టారికి గుండెలో చురుక్కుమంది. ఇన్నేళ్లుగా కూతురికి గొంతు తానేననుకుని మురిసిపోయారు. ఆ వెనకే గర్వం పొంగుకొచ్చింది. తండ్రి లేని రోజుల గురించి తానే ఆలోచించుకున్న పిల్ల ఇది, తన కూతురు.

వినీల పేరే రాయమంటారా అన్నట్టు లాయరుగారు ఆయన వైపు చూశారు.

“నన్నడుగుతారేంటండి? అమ్మాయిని అడగండి. నిదానంగా చెబుద్ది,” అని మాష్టారు చేతులు కట్టుకుని కూర్చున్నారు.