మిషన్ దిబ్బలో వంతు

అవనిగడ్డ బస్సు బోర్డు మీద హారిసన్‌పేట అని రాసి ఉంటుంది గాని, ఆ పేరు చెబితే ఆటోవాడు తెల్లమొహం వేస్తాడు. మిషన్ దిబ్బ అనాలి. నూటముప్పై ఏళ్ళ కిందట హారిసన్ దొర వచ్చి చెరువు తవ్వించి, ఆ మట్టి మోయించి దిబ్బ లేపాడు. దాని మీద చర్చి, బడి, తన బంగళా కట్టించాడు. జనం చస్తారన్న సంగతి ఆయనకు ఆఖర్న గుర్తొచ్చినట్టుంది, సమాధుల దొడ్డికి మిగిలింది అరెకరమే. బంగళా ఎప్పుడో కూలింది. బడిలో పిల్లలు లేరు. ఊళ్ళో ఇప్పటికీ కిటకిటలాడేది ఆ దొడ్డి ఒక్కటే.

దిబ్బ దిగి తవ్వితే రెండడుగులకే నీళ్ళు పడతాయి. అందుకని ఊరంతా ఆ అరెకరంలోనే వంతులవారీగా సర్దుకోవాలి. పన్నెండేళ్ళు నిండిన గుంటను మళ్ళీ తవ్వి, పాత ఎముకలను తెల్లగుడ్డలో చుట్టి, కొత్తగా వచ్చినవాళ్ళ కాళ్ళ దగ్గర పెట్టి పూడుస్తారు. ఇనపకంచె లోపల దొర, దొరసాని, వాళ్ళ బిడ్డలు మాత్రం ఒక్కొక్కరూ ఒక్కో రాతిపలక కింద, ఎవరి జోలీ లేకుండా పడుకుని ఉంటారు.

ఆ గుంటలు తవ్వేది కొండయ్య. డెబ్బై దగ్గర పడ్డాయి. ఊరి చరిత్ర చెప్పమంటే నీళ్ళు నములుతాడు గాని, ఎవరి కింద ఎవరున్నారో మూడు తరాలు గడగడా చెప్పేస్తాడు. వంతుకు కాగితం లేదు, కొండయ్య మాటే కాగితం. ఆ మాటతోనే ఏడేళ్ళ కిందట అబద్ధమాడాడు. భార్య సువార్తమ్మది అంతకుముందు ఎవర్నీ పెట్టని కొత్త గుంట. దానికి పన్నెండేళ్ళు నిండిన ఏడు, "అక్కడ ఊట పడుతోందండీ" అన్నాడు పాస్టరు గారితో. కంచే చేను మేస్తే అడిగేదెవరు? వంతు పక్క గుంటకు పోయింది. అప్పట్నుంచి ఎవరు పోయినా అదే మాట చెప్పుకోవాల్సి వచ్చింది. తవ్వకం కంటే ఆ మాట మొయ్యడమే కొండయ్యను ఎక్కువ అలసిపోయేలా చేసింది.

ఈ ఉదయం ప్రసాద్ వచ్చాడు. సంఘం సెక్రటరీ, రిటైరైన వసుంధర టీచరు కొడుకు. టీచరు తెల్లవారుతుండగా కన్నుమూసింది. సాయంత్రం నాలుగింటికి భూస్థాపన.

"ఎక్కడ తవ్వుతావు మావయ్యా?"

గోడవారనున్న గుంటకు ఎనిమిదేళ్ళే అయింది. అయినా కొండయ్య అటే చెయ్యి చూపించాడు.

"దాని వంతు రాలేదుగా."

"మరెక్కడుంది బాబూ. సువార్తమ్మ దగ్గర ఊట."

ప్రసాద్ దగ్గరకొచ్చి గొంతు తగ్గించాడు.

"ఆ ఊట మూలానే మా తాతని పదేళ్ళకే తీశావు. నాకు తెలుసు మావయ్యా. ఊరందరికీ తెలుసు. అడగొద్దని మా అమ్మే చెప్పింది అందరికీ."

కొండయ్య గునపం ఊతంతో మెల్లగా నేలమీద కూర్చున్నాడు. ఇన్నాళ్ళూ తానొక్కడే దాచాననుకున్నాడు, తనతోపాటు ఊరూ దాచింది. సిగ్గుతో తల ఎత్తలేకపోయాడు.

"అందర్నీ ఈ చేత్తోనే తీశాను. దాన్ని మాత్రం తియ్యలేను బాబూ."

"మొన్న తెలివిలో ఉన్నప్పుడు అమ్మే అడిగింది, సువార్త దగ్గర పెట్టమని. చర్చిలో పక్కపక్కన నిలబడి పాడేవాళ్ళటగా. ఈ దిబ్బ మీద తోడు లేకుండా పడుకున్నది దొరలూ, అదీనే. దొరలకంటే అలవాటు. దానికి ఒక్కతీ ఉండటం చేతకాదు, అంది."

నిజమే. బతికున్నన్నాళ్ళూ సువార్తమ్మ చెరువుకు వెళ్ళాలన్నా ఎవరో ఒకరిని పిలిచేది. కొండయ్య ఊరెళితే పక్కింటి పిల్లను తెచ్చి పడుకోబెట్టుకునేది. అలాంటి మనిషి దగ్గరకు ఎవరినీ రానివ్వకుండా ఏడేళ్ళు అడ్డం నిలబడి, దానికి ప్రేమని పేరు పెట్టుకున్నాడు. కొండయ్యకు ఏడుపొచ్చింది, కండువాతో మొహం తుడుచుకుని లేచాడు.

"తెల్లగుడ్డ పంపించు," అన్నాడు. "సువార్తమ్మను కాళ్ళ దగ్గర పెట్టను. టీచరు గారి పక్కనే పెడతాను. వెడల్పుగా తవ్వాలి, టైము పడుతుంది. నువ్వు ఇంటికి వెళ్ళు బాబూ."