గంట తర్వాతి మాట

ఆ సభకో ఆచారం ఉంది. ఎవరైనా సరే అయిదు నిమిషాలే మాట్లాడాలి. టైమవగానే గంట మోగుతుంది, హాలంతా చప్పట్లు అందుకుంటుంది, మాట్లాడేవాడి నోరు మూతపడేదాకా ఆపదు. మర్యాదగా మెడపట్టి గెంటడమన్నమాట. సాఫ్ట్‌వేర్ రాసి ఊరికే పంచిపెట్టే పెద్దమనుషుల సభ అది. గంట కొట్టేది, ఇవాళ మాట్లాడ్డానికొచ్చినవాళ్లలో ఒకామెకు బావ, అక్క మొగుడు. ఇంట్లో తాగిన గ్లాసు తీసి పక్కన పెట్టని మనిషి, ఆ గంటను మాత్రం పొద్దుట్నుంచి చేతిలోంచి దించలేదు.

ఆమె మూడో వరుసలో కూర్చుని తన వంతు కోసం చూస్తోంది. చూపులేనివాళ్లకు తెర మీది అక్షరాలు చదివి వినిపించే ప్రోగ్రామును ఇన్నేళ్లూ ఒంటిచేత్తో నెట్టుకొచ్చింది. సోమవారం నుంచి కొత్త ఉద్యోగం. బయటి పని ముట్టుకోకూడదని వాళ్ల షరతు. ఇక్కడ ఒక్కరైనా దాన్ని నెత్తికెత్తుకుంటే బతుకుతుంది, లేకపోతే లేదు. మెయిళ్లు రాస్తే బొటనవేలి బొమ్మలు పంపి ఊరుకున్నారు. అందుకే ఎదురుగా నిలబడి అడుగుదామని వచ్చింది.

ముందు మాట్లాడినవాళ్లను వింటుంటే ఒళ్లు మండిపోయింది. ఒకడు తను పొద్దున్నే ఎలా నిద్రలేస్తాడో చెప్పాడు. జనం రాసుకున్నారు కూడా. గడ్డమాయన ఓటమే తన గురువన్నాడు. ఆ గురువు ఈయన్నింకా వదిలిపెట్టినట్టు లేదనుకుంది ఆమె. ఖర్మ కాకపోతే వీళ్లనా తను బతిమాలాల్సింది?

ఆమె వంతు వచ్చింది. ప్రోగ్రాముతో ఓ పేజీ చదివించింది. అదెక్కడ తడబడుతుందో, ఎందుకో చూపించింది. ఫోన్లలో తలదూర్చినవాళ్లు కూడా తలెత్తారు. అసలు సంగతి చివరికి అట్టేపెట్టుకోవడమే ఆమె చేసిన పొరపాటు.

"ఇక నేను వచ్చిన పనేంటంటే..."

గంట మోగింది. చప్పట్లు మొదలయ్యాయి. ఆమె గొంతు పెంచింది. వాళ్లు ఇంకా గట్టిగా కొట్టారు. అడగాల్సింది మొత్తం అడిగేసింది, తన గొంతు తనకే వినపడలేదు. గడ్డమాయన లేచి నిలబడి మరీ కొట్టాడు.

బావ నవ్వుతూ వచ్చి మైకు తీసుకున్నాడు.

"అదరగొట్టావు మరదలా. పొద్దుట్నుంచి ఎవరికీ ఇన్ని చప్పట్లు పడలేదు."

"నేనొకటి అడిగాను బావా. ఒక్కరికైనా వినపడిందా?"

"గంట కొట్టాక చెప్పింది లెక్కలోకి రాదు కదమ్మా. మరదలివని నీకొక రూలు పెడితే నలుగురూ ఏమనుకుంటారు? వచ్చే ఏడు పది నిమిషాలిస్తాను, దీని గురించే తీరిగ్గా చెబుదువు."

"వచ్చే ఏటికి అది ఉండదు."

"ఏది?"

"ఇందాక మీరంతా దేనికి చప్పట్లు కొట్టారో అది."

బావ అయ్యో పాపమన్నట్టు మొహం పెట్టాడు. వాచీ చూసుకుని, తర్వాతి వాణ్ణి స్టేజీ మీదికి పిలిచాడు.