కొంగుముడిలో పటికబెల్లం

బస్సు వెనక సీటు కిందికి చీపురు దూర్చి వేరుశనగ తొక్కలూ నలిగిన టిక్కెట్లూ బయటికి లాగుతోంది వరహాలమ్మ. అరవై దాటిన బక్క మనిషి. వంగిపోయిన నడుం, ఫినాయిల్ నీళ్లకు పాలిపోయిన వేళ్లు, నుదుట రూపాయంత బొట్టు. రోజూ పద్మనాభం నుంచి తొలి బస్సులో మద్దిలపాలెం డిపోకి వస్తుంది. ఏ బస్సు ఏ ఊరు పోతుందో అన్నీ తెలుసు. తను ఎక్కి పోయింది మాత్రం ఇంటికీ, సింహాచలం కొండకీ.

ఇవాళ చెయ్యి చీపురు మీదున్నా చెవి మాత్రం రొండిన దోపుకున్న ఫోను మీదే ఉంది. కూతురు ఆశాజ్యోతికి నిన్న సాయంత్రం నుంచి నొప్పులు. లేక లేక నిలిచిన కడుపు. అల్లుడు ఆస్పత్రిలో ఉన్నాడు. ఇంట్లో ఒక్కతీ ఉంటే మనసాగక పనికి వచ్చేసింది. పురుడు కబురు వచ్చేదాకా పచ్చి మంచినీళ్లు తప్ప ముట్టనని సింహాద్రి అప్పన్నకు మొక్కుకుంది. మొక్కు మొక్కే, మందు మందే అనుకుని రాత్రి మరిచిన సుగరు బిళ్లనూ పొద్దుటి బిళ్లనూ కలిపి ఖాళీ కడుపున మింగేసింది! తినకుండా ఈ బిళ్ల వేసుకుంటే సుగరు పడిపోయి ప్రాణం మీదికొస్తుందని బిళ్లలిచ్చే నర్సమ్మ చెవిలో ఇల్లు కట్టుకుని పోరింది. వింటేనా! మొండివాడు రాజుకన్నా బలవంతుడు.

రెండో బస్సు ఎక్కేసరికి ఒళ్లంతా చెమటలు. చేతులు వణికాయి. కిటికీ ఊచలు రెండేసిగా కనిపించాయి.

"ఏటి పిన్నీ, ఇలగ తడిసిపోనావు?" తోటి స్వీపరు రోజారమణి గ్లాసు అందించింది. "ఈ టీ తాగు. పంచదార ఎక్కువేయించినాను."

"నాకు సుగరు గదే! మొక్కొకటుంది. నాను ముట్టను."

"ఒక్క గుక్క తాగితే ఏటైపోద్ది?"

"నా గుంట పురిటి మంచమ్మీదుంటే నాను టీ తాగుతానేటే? ఎల్లు, నీ పని సూసుకో."

రోజారమణి గొణుక్కుంటూ పక్క బస్సులోకి పోయింది. వరహాలమ్మ కొంగుముడి తడుముకుంది. పోయిన వారం కొండ కింద కొన్న పటికబెల్లం. కబురు రాగానే డిపోలో అందరి నోటా తలో పలుకూ వేయాలని దాచింది. నోరూరింది. నాలుక పీక్కుపోతోంది. అమ్మో, మొక్కు తప్పితే బిడ్డకేమవుతుందో! ముడి ఇంకాస్త బిగించింది. ఒక్క పలుకు నోట్లో వేసుకోవే తల్లీ అని చెప్పడానికి ఆ బస్సులో ఎవరున్నారు?

చీపురు జారిపోయింది. ముందు సీట్లో కూలబడింది.

"కండట్రు బాబూ, ఆస్పత్రికొకటి కొట్టు," అంది ఖాళీ బస్సుతో. తర్వాత కిటికీకి తల ఆనించింది.

ఫోను మోగింది. ఆగింది. మళ్లీ మోగింది.

"పిన్నీ, ఫోను! ఎత్తవేటి?" అరుస్తూ వచ్చి, తనే ఎత్తింది రోజారమణి. అవతల అల్లుడి మాట ఆనందంతో తడబడుతోంది. ఆడపిల్ల. తల్లీ పిల్లా క్షేమం.

"లెగు పిన్నీ! అమ్మమ్మవైపోనావు!" భుజం పట్టి ఊపింది. తల ఒక పక్కకు వాలిపోయింది.

డ్రైవర్లు పరుగెత్తుకొచ్చారు. అంబులెన్సు వచ్చింది. అందులోంచి దిగినాయన నాడి చూసి, కనురెప్ప ఎత్తి చూసి, చెయ్యి మెల్లగా కింద పెట్టేశాడు. రోజారమణి చేతిలో ఫోను మళ్లీ మోగుతోంది.

చెమటకు తడిసిన కొంగు చివర ముడి బిగువుగానే ఉంది. అందులో గుప్పెడు పటికబెల్లం, ఒక్క పలుకైనా తగ్గకుండా.