మణికట్టు కొలత

వాచీ మెకానిక్‌కి ఒక గొప్ప ఉంది. ఎవరి మణికట్టయినా చూస్తే చాలు, పట్టీకి చిల్లు ఎక్కడ పొడవాలో చెప్పేస్తాడు. కొలత కుదరలేదని తిరిగొచ్చినవాళ్లు లేరు. చివరికి ఆ గొప్పే అతని కొంప ముంచింది.

భార్యతో పొసగక విడిపోయాక కూతురు తల్లితోపాటు వేరే ఊళ్లో ఉంటోంది. తండ్రీకూతుళ్లకి మిగిలింది ఫోను ఒక్కటే. ఈమధ్యే పిల్ల విలువిద్యలో చేరింది. "అందరికీ సొంత రిలీజ్ ఉంది నాన్నా, నాకే లేదు. క్లబ్బుదే వాడుతున్నా," అంది ఓ రోజు. ఆదివారం మైదానానికి వచ్చి చూడమని కూడా పిలిచింది. అతని కాళ్లు నేలమీద ఆగలేదు.

రిలీజ్ అంటే మరేం లేదు, చిన్న కొక్కెం. వింటినారిని వేళ్లకి బదులు అది పట్టుకుంటుంది, మీట నొక్కితే వదిలేస్తుంది. దుకాణంలో అతని చూపు అరచేతిలో పట్టుకునే ఇత్తడిదాని మీద పడింది.

"అది చెయ్యి తిరిగినవాళ్లకండీ," అన్నాడు దుకాణదారు. "కొత్తపిల్ల చేతిలోంచి జారిందంటే మూతి పగులుతుంది. మణికట్టుకి కట్టుకునేది తీసుకోండి, చూపుడువేలితో నొక్కేది. మీట కాస్త గట్టిగానే ఉండాలి, లేకపోతే వేలు తగలగానే బాణం పోతుంది. పట్టీకి బకిల్ ఉంటే మేలు. రోజూ ఒకే చిల్లులో పెడితే లాగుడు ఒకేలా వస్తుంది. ఒకసారి పాపని తీసుకురండి, చేతికి పెట్టి చూద్దాం."

"నా కూతురి చెయ్యి నాకు తెలీదా ఏంటండీ? నా బతుకంతా మణికట్లతోనే కదా!"

తీసుకురావడానికి పాప తన దగ్గర లేదని చెప్పడానికి నోరు రాలేదు.

దుకాణదారు చెప్పినదే కొని, తన కొట్టుకి వచ్చి దానికి తోలుపట్టీ చేయడం మొదలుపెట్టాడు. పిల్లకి ఒకప్పుడు తను కట్టిన బుల్లి వాచీ కొలత చేతివేళ్లకి ఇంకా గుర్తుంది. ఎదిగి ఉంటుంది కదా అని ఇంకో రెండు వేళ్ల వెడల్పు కలిపాడు. పట్టీ తోక వేలాడితే నారికి తగులుతుందేమోనని మిగతాది కత్తిరించేశాడు. అంచులకి మైనం రుద్ది, చిల్లులు పొడిచి మురిసిపోయాడు.

మైదానంలో కూతురు ఎదురొచ్చింది. దాదాపు అతని భుజందాకా వచ్చేసింది. ఫోనులో ముఖమే తప్ప చేతులెప్పుడూ కనపడలేదని అప్పుడు తట్టింది అతనికి.

అతనిచ్చిన పట్టీని పిల్ల చేతికి చుట్టుకుని, పళ్లతో లాగి, ఎలాగో చివరి చిల్లులో పెట్టింది. ఇరువైపులా కండ ఉబికింది.

"బిగుతుగా ఉన్నట్టుందే, క్లబ్బుది ఇవ్వనా?" అన్నాడు కోచ్.

"వద్దు సార్. ఇది మా నాన్న చేశారు."

విల్లెక్కుపెట్టి బాణం వేసింది, ఇంకోటి వేసింది. బాణం ఎక్కడ గుచ్చుకుందో అతను చూడలేదు. ఆ చెయ్యే చూస్తున్నాడు.

"నొప్పిగా ఉందా తల్లీ?"

"అబ్బే, లేదు నాన్నా. చాలా బావుంది. థాంక్స్."

చిన్నప్పుడు వాచీ పట్టీ కాస్త ఒరుసుకున్నా ఇల్లెగిరిపోయేలా ఏడ్చేది. "నువ్వే పెట్టావుగా, నువ్వే తియ్యి!" అని అతని గుండెల మీద పిడిగుద్దులు గుద్దేది. ఇప్పుడేమో ఇంటికొచ్చిన చుట్టాన్ని నొప్పించకూడదన్నట్టు నవ్వుతోంది. ఆ పిడిగుద్దులే మళ్లీ గుద్దితే బావుండుననుకున్నాడు.

దగ్గరికెళ్లి తనే బకిల్ విప్పాడు. కింద ఎర్రగా కమిలిన చార. బొటనవేలితో నిమిరాడు. ఇది తను ఎన్నడూ చూడని మణికట్టు.

"ఇలా ఇయ్యి, ఇంకో చిల్లు పొడిచి తెస్తా," అన్నాడు. అన్నాక పట్టీ చూసుకున్నాడు. పొడవడానికి చోటు లేదు. ఉన్నదంతా తనే కత్తిరించేశాడు.

కూతురు మెల్లిగా పట్టీ తీసుకుని మళ్లీ చేతికి చుట్టుకుంది.

"పర్లేదు నాన్నా," అంది. "అలవాటైపోతుందిలే."