చొక్కాలు మార్చుకున్నాక

దేశాల మధ్య పిల్లల బాస్కెట్‌బాల్ పోటీ. నీలం చొక్కా తొడుక్కున్న కూతురికి ఎదురు నిలిచిన ఎర్రచొక్కా పిల్లను చూసి తల్లి గుండె ఝల్లుమంది. అచ్చు గుద్దినట్టు అదే ముఖం, అదే నడక!

"ఎవరే అది?" అని విరామంలో అడిగింది.

"నువ్వు దాచిపెట్టిన రెండో కూతురేమో!" అని పిల్ల పకపకా నవ్వింది.

ఆట ముగిశాక, ఆటగాళ్ల ఆనవాయితీ ప్రకారం ఇద్దరూ చొక్కాలు మార్చుకున్నారు. బయటికొచ్చే జనం తోపులాటలో తల్లి నీలం చొక్కానే చూసుకుని, "పదవే, ఆలస్యమైంది" అంటూ చెయ్యి పట్టి బస్సెక్కించింది. పిల్ల ఒళ్లో తల పెట్టుకుంది. తల నిమురుతుంటే అప్పుడు గుర్తొచ్చింది తల్లికి, చొక్కాలు మారిన సంగతి.

పక్కనే ఎదుటి జట్టు బస్సు కదిలిపోతోంది. ఎర్రచొక్కా పిల్ల కిటికీ అద్దాన్ని రెండు చేతులా బాదుతోంది. బస్సాపు నాయనా అంటూ తల్లి లేవబోయింది.

"అటేం చూస్తావులేమ్మా," అంది ఒళ్లో పిల్ల, కూతురి గొంతుతోనే.