పేరుకు ఉపవాసం

"మా జెస్సికా ఉపవాసముంటే పచ్చి మంచినీళ్లు గూడ ముట్టది" అని మా అత్త సాయమ్మ చర్చిలో ఆడవాళ్లతో గొప్పగా చెబుతుంటే, నేను పక్కనే కూర్చుని ప్రేమవిందుకు ఉల్లిగడ్డలు తరుగుతున్నాను. కాదని అనలేదు. వారానికి మూడు రోజులు నేను పస్తుండేది దేవుడి కోసం కాదు. తిన్న రెండు గంటలకు బొడ్డు చుట్టూ మెలిపెట్టే నొప్పి. దానికి భయపడి తినడం మానేశాను. నొప్పంటే మా ఆయన స్టాన్లీ "గ్యాసే" అనేవాడు. "పనంటే సాలు, నొప్పి లేస్తది" అనేది అత్త. ఉపవాసమంటే మాత్రం ఇద్దరూ నోరెత్తేవారు కాదు, పైగా గౌరవం. ఆ గౌరవం నాకూ బాగానే ఉండేది, అబద్ధం ఎందుకు. అయితే ఆ ఉపవాసం నోటికే గానీ చేతులకు లేదు. పస్తున్న రోజు కూడా అందరికీ వండిపెట్టి, గిన్నెలు తోమి, సుల్తాన్‌పూర్ కంపెనీ బస్సు ఎక్కేదాన్ని.

రెండేళ్ల కింద క్రోన్స్ జబ్బని తేలింది. పేగుల్లో పుండ్లు, ఎప్పటికీ మందులు. అవి మింగుతున్నా నొప్పి పోలేదు. పోయినేడు పటాన్‌చెరులో పరగడుపున కడుపు స్కాన్ తీస్తే ఏమీ కనిపించలేదు. "సూసినవా, మందులకు పుండ్లు మానినయ్, ఇప్పుడేం లేదు. అంతా నీ మనసులనే ఉన్నది" అన్నాడు స్టాన్లీ. నా నొప్పిని పక్కనబెట్టి నేను కూడా అతని మాటే నమ్మాను. ఇప్పుడు తలుచుకుంటే ఒళ్లు మండుతుంది.

ఈసారి పెద్దాసుపత్రి డాక్టరమ్మ వేరే స్కాన్ రాసింది. ముప్పావు గంటలో లీటరున్నర మందునీళ్లు తాగాలట. పేగు నిండి ఉబ్బితేనే ఎక్కడ ఇరుకైందో తెలుస్తుందట. నాకు చప్పున అర్థమైంది. కంపెనీలో నా పని అదే. ఆసుపత్రులకు పోయే సన్నటి గొట్టాల్లోకి నీళ్లు పంపి, ఎక్కడైనా నొక్కు పడి ఇరుకైతే తీసి పక్కన పడేస్తాను. ఊరికే చేత్తో పట్టుకుని చూస్తే ప్రతి గొట్టమూ బాగానే ఉంటుంది. నేను గ్లాసు మీద గ్లాసు తాగుతుంటే "జెర జల్దీ తాగరాదే, నాకు సెకండ్ షిఫ్టున్నది" అన్నాడు స్టాన్లీ. పెళ్లయ్యాక ఒక మనిషి ఎదురుగా కూర్చుని నన్ను కడుపు నింపుకొమ్మనడం అదే మొదటిసారి. కళ్లల్లో నీళ్లు తిరిగాయి. వాంతి వస్తోందనుకుని నర్సు ట్రే పట్టుకొచ్చింది.

రెండు రోజులకు రిపోర్టు చూసి డాక్టరమ్మ తలెత్తింది.

"చిన్నపేగు రెండు చోట్ల బాగా ఇరుకైపోయింది. వాటికి పైనున్న పేగంతా ఉబ్బింది. ఇది ఇప్పటిది కాదమ్మా. తిన్నాక నొప్పి వచ్చి ఉండాలే, చెప్పలేదేం?"

"ఆమెది తక్కువ తిండి మేడం. ప్రార్థన మనిషి" అన్నాడు స్టాన్లీ.

"ప్రార్థన కాదు మేడం. నొప్పికి భయపడి తినలే. ఇంట్ల ఉపవాసమని అబద్ధం చెప్పిన" అన్నాను. అతని ముఖం చూడలేదు.

మచ్చకట్టి బిగుసుకుపోయిన పేగు మందులకు విప్పుకోదని, ఆ ముక్కలు కోసి తీసేయాలని, గురువారం ఆపరేషన్ పెట్టుకోవచ్చని ఆమె చెప్పింది.

"ఈస్టర్ అయినంక చూద్దాం మేడం" అన్నాడు స్టాన్లీ. "మూడు వారాలే గదా. మా అక్కోళ్లు వస్తున్నరు, ఇంట్ల పదిమందిమి అయితం."

"అప్పటిదాకా ఆగితే పేగు మొత్తం మూసుకుపోవచ్చు. ప్రాణం మీదికి వస్తుంది" అని ఆమె అతనికి చెప్పి, నా వైపు తిరిగింది. "నువ్వేమంటావు?"

ఈ ఇంట్లో అడుగుపెట్టాక ఆ మాట నన్నెవరూ అడగలేదు. "గురువారమే చేయండి మేడం" అని ఫారం దగ్గరికి లాక్కుని సంతకం పెట్టాను.

మెట్లు దిగేదాకా అతను ఓపిక పట్టాడు. కింద బండి తాళం తీస్తూ మెల్లగా అడిగాడు.

"మరి పదిమందికి ఎవరు వండుతరే? అమ్మకు మోకాళ్ల నొప్పులాయె."

"ఆకలైనోళ్లు వండుకుంటరు" అన్నాను.